136 ఎపిసోడ్ల కోసం కేబుల్ తీసేయాలా? బెజవాడ, గుంటూరు ఇళ్లకో లెక్క

మార్వెల్ వాళ్ల సూపర్ హీరో గూఢచారుల సీరీస్ 'ఏజెంట్స్ ఆఫ్ షీల్డ్' మొత్తం 7 సీజన్లు, 136 ఎపిసోడ్లు. మొదటి అయిదు సీజన్లకు 22 చొప్పున 110, చివరి రెండింటికి 13 చొప్పున 26. ఒక్కో ఎపిసోడు 43 నిమిషాలు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి మొత్తం తొంభై ఏడు గంటల పైచిలుకు. రాత్రి అన్నాలయ్యాక రోజుకు రెండేసి చూస్తే 68 రాత్రుల్లో అయిపోతుంది. కేబుల్ ఉంచాలా, ఫైబర్ పెట్టించాలా, ఏ యాప్‌కి ఎన్ని నెలలు కట్టాలి అన్న లెక్క ఈ 68 దగ్గర మొదలుపెట్టాలి. చాలామంది తలకిందులుగా వస్తారు. ముందు ఏడాది ప్యాక్ కొనేస్తారు, తర్వాత అందులో ఏం చూడాలా అని వెతుక్కుంటారు.

మా సలహా ముందే చెప్పేస్తాం. ఇంటర్నెట్ లైను ఏళ్ల తరబడి ఉంచుకునేది, కాబట్టి దాని మీద శ్రద్ధ పెట్టండి. యాప్ పని తీరగానే ఆపేసేది, దానికి మూడు నెలలు మించి కట్టొద్దు. కేబుల్ సంగతి మాత్రం హాల్లో రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందో వాళ్లను అడిగి తేల్చండి. మూడూ వేర్వేరు నిర్ణయాలు. ఒకే రోజు మూడూ చేసేసిన ఇళ్లలోనే గొడవలు.

కేబుల్లో వస్తుందని ఎదురుచూడొద్దు

సూపర్ హీరో గూఢచారుల సీరీస్ చూడ్డానికి కేబుల్ ఉంచుకోవాల్సిన కారణం ఇప్పుడు లేదు. ఏఎక్స్ఎన్ 2020 జూన్ 30న, హెచ్‌బీఓ అదే ఏడాది డిసెంబరు 15న మన దేశంలో ప్రసారాలు ఆపేశాయి. ఇప్పుడున్న ఇంగ్లిష్ ఛానళ్లలో ఎక్కువగా సినిమాలే తిప్పితిప్పి వేస్తారు. ఒక సీరీస్‌ను మొదటి ఎపిసోడు నుంచి వరసగా చూపించే ఓపిక అరుదు. ఈ సీరీస్‌లో వరస తప్పితే ఎవరు ఎవరి మనిషో కూడా అర్థం కాదు.

అలాగని కేబుల్‌ను తీసిపారేయక్కర్లేదు. తెలుగు సీరియళ్లు, రోజంతా వార్తలు, దసరాకి ఇంద్రకీలాద్రి నుంచి లోకల్ ఛానల్లో వచ్చే లైవ్, క్రికెట్: వీటికి కేబుల్‌ను మించిన సుఖం ఇంకా రాలేదు. క్రికెట్‌లో మరో తేడా ఉంది. యాప్‌లో బంతి అర నిమిషం దాకా ఆలస్యంగా పడుతుంది. పక్కింట్లో కేబుల్ ఉంటే, మీ టీవీలో బౌలర్ ఇంకా రనప్‌లో ఉండగానే వాళ్ల కేకలు వినపడతాయి.

నిర్ణయానికి ముందు కేబుల్ బిల్లును ఒకసారి విడదీసి చూడండి. 2019 ఫిబ్రవరి 1 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పద్ధతిలో బిల్లు రెండు ముక్కలు: నెట్‌వర్క్ ఫీజు ఒకటి, మీరు ఎంచుకున్న పే ఛానళ్ల ధర మరొకటి. నెట్‌వర్క్ ఫీజు చాలాకాలం 130 రూపాయలు దాటకూడదన్న పరిమితిలో ఉండేది, 18 శాతం జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. 2024లో ఆ పరిమితి ఎత్తేశారు. అందుకే కేబులాయన దగ్గర మొత్తం ఎంత అని కాకుండా, ‘ఏ బొకేలు (ఛానళ్ల కట్టలు) వేశావు, ఒక్కోటి ఎంత’ అని అడగండి. ఎవరూ చూడని హిందీ బొకే, పిల్లలు పెద్దవాళ్లయిపోయినా తీయని కార్టూన్ ఛానళ్లు తరచూ బయటపడతాయి. అవి తీయిస్తే మిగిలే డబ్బు చాలాసార్లు ఒక యాప్ నెల చందాకు సరిపోతుంది. కేబుల్ మానకుండానే సగం సమస్య తీరే దారి ఇదే. ఎందుకో ఎవరూ ప్రయత్నించరు.

ఊళ్లో ఉందా అని కాదు, మీ లైన్లో ఉందా అని అడగాలి

బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో ఉన్నవాళ్లకి ఈ మాట సులువుగా ఎక్కుతుంది. రెండో లైన్లో మూడు కంపెనీల ఫైబర్ ఉంటుంది, అయిదో లైన్లో ఒక్కటే ఉంటుంది. కంపెనీ వెబ్‌సైట్లో పిన్‌కోడ్ కొడితే ‘అందుబాటులో ఉంది’ అనే వస్తుంది. పిన్‌కోడ్‌కి బ్రాడీపేట మొత్తం ఒకటే. నిజం తెలియాలంటే మీ వీధి స్తంభం మీద ఎవరి డబ్బా ఉందో చూడాలి, పక్కింటివాళ్లని రాత్రి తొమ్మిదింటికి ఎలా వస్తోందో అడగాలి.

ఏపీ ఫైబర్‌నెట్ గురించి మొదట. ఇది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ, ఆఫీసు విజయవాడలోనే. ఇంటర్నెట్, టీవీ ఛానళ్లు, ఫోను మూడూ ఒకే వైరులో ఇస్తుంది. కనెక్షన్ మాత్రం మీ వీధి కేబుల్ ఆపరేటరు ద్వారానే వస్తుంది. అమ్మకు సీరియళ్లు, మీకు ఇంటర్నెట్ ఒకే బిల్లులో కావాలంటే ముందు చూడాల్సింది దీన్నే. కానీ సేవ ఎలా ఉంటుందన్నది ఆ ఆపరేటరు చేతిలో ఉంటుంది. పాత కేబుల్‌కి వైరు తెగితే ఆయన ఎన్ని గంటల్లో వచ్చేవాడో గుర్తు చేసుకోండి. ఇక్కడా దాదాపు అంతే. మంచి ఆపరేటరుంటే దీని తర్వాతే ఏదైనా. ఫోనెత్తని ఆపరేటరైతే ప్యాకేజీ ఎంత చవకైనా వద్దు.

జియో, ఎయిర్‌టెల్, యాక్ట్, బీఎస్ఎన్ఎల్ ఫైబర్లలో తేడా బ్రాండులో కన్నా మీ అపార్ట్‌మెంటులోకి వచ్చే లైనులో ఎక్కువ. స్పీడు దగ్గర మాత్రం మోసపోవద్దు. బొమ్మ ఎంత స్పష్టంగా ఉండాలంటే ఎంత స్పీడు కావాలో నెట్‌ఫ్లిక్స్ స్వయంగా చెప్పే లెక్క: 720పీకి 3 ఎంబీపీఎస్, 1080పీకి 5, 4కేకి 15. జియోలో 399 రూపాయల ప్లాన్ 30 ఎంబీపీఎస్, జీఎస్టీతో 471. హాల్లో ఒక టీవీ 4కేలో నడుస్తూ, రెండు ఫోన్లలో రీల్స్ తిరుగుతున్నా 30 చాలు. 300 ఎంబీపీఎస్ ప్లాను ఇంట్లో నలుగురు వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్లకి. సీరీస్ కోసమైతే ఆ డబ్బు దండగ.

డేటా పరిమితి గురించి కూడా భయపడక్కర్లేదు. హెచ్‌డీలో గంటకు 3 జీబీ పోతుందనుకుంటే 136 ఎపిసోడ్లకు 292 జీబీ. రోజుకు రెండు చూస్తే నెలకు 130 జీబీ కూడా కాదు. వైరు లేకుండా వచ్చే జియో ఎయిర్‌ఫైబర్‌కి నెలకు 1,000 జీబీ, వైరు ఫైబర్‌కి 3,300 జీబీ పరిమితి ఉంది. ఇబ్బంది అల్లా ఫోను డేటాతోనే. రోజుకు 2 జీబీ ప్లానులో హెచ్‌డీ ఎపిసోడు ఒక్కటి కూడా పూర్తిగా రాదు: 43 నిమిషాలకు 2.15 జీబీ. ఆఖరి మూడు నిమిషాల్లో సర్కిల్ తిరుగుతూ నిలబడిపోతుంది. ఈ సీరీస్‌లో అసలు మలుపులన్నీ ఆ ఆఖరి మూడు నిమిషాల్లోనే. ఫోనులో చూడక తప్పకపోతే క్వాలిటీ 480పీకి తగ్గించుకోండి. గంటకు ఒక జీబీతో సరిపోతుంది.

మొగల్రాజపురం, గుణదల కొండల మీద మెట్ల దారుల్లో ఉన్న ఇళ్లకు వైరు లాగడం కష్టం. అలాంటి చోట 5జీతో నడిచే ఎయిర్‌ఫైబర్ చూడొచ్చు. మేడ మీద పెట్టే పెట్టెకీ టవరుకీ మధ్య కొండ గానీ, కొత్తగా లేచిన అయిదంతస్తుల అపార్ట్‌మెంటు గానీ అడ్డం ఉంటే సిగ్నల్ పడిపోతుంది. పెట్టే ముందు అదే కంపెనీ సిమ్ ఉన్న 5జీ ఫోనును, పెట్టె బిగించబోయే చోటే పెట్టి రాత్రి తొమ్మిదికి స్పీడు చూసుకోండి. పగలు పదకొండుకి చూపించే స్పీడుకి విలువ లేదు.

మేడ మీద డిష్ పెట్టే డీటీహెచ్ ఈ పోలికలో వెనకబడింది. కేబుల్ చేసే పనే చేస్తుంది, పైగా గట్టి వాన వస్తే ఉపగ్రహం నుంచి వచ్చే కేయూ బ్యాండ్ సిగ్నల్ వాన చినుకుల్లోనే కరిగిపోతుంది. తుపాను రోజున వార్తలు అవసరమైన వేళకే ‘నో సిగ్నల్’ అంటుంది.

వైరు ఇంట్లోకి వచ్చే రోజు

కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు ఇరవై నిమిషాల్లో వెళ్లిపోవాలని చూస్తాడు. వైరు బాల్కనీ కిటికీలోంచి వచ్చిన చోటే మోడెం బిగించేస్తాడు. ‘తమ్ముడూ, టీవీ పక్కకి లాగు’ అని అప్పుడే అడగాలి. తర్వాత అడిగితే మళ్లీ డబ్బులు. మోడెం టీవీకి దగ్గరుంటే ఓ మీటరు లాన్ కేబుల్ వేసి వైఫై బాధే లేకుండా చేసుకోవచ్చు. చాలా టీవీల లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్ మాత్రమే ఇస్తుంది. 4కేకి కావాల్సింది 15 కాబట్టి అది చాలు.

లాన్ కుదరకపోతే వైఫైలో 5 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి. పటమట, లక్ష్మీపురం లాంటి చోట అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్ మీద పక్క ఫ్లాట్ల రౌటర్లన్నీ ఒకదానిమీద ఒకటి అరుస్తుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌కి ఆ గోల తక్కువ గానీ గోడలు పడవు. పాత ఇళ్ల తొమ్మిదంగుళాల ఇటుక గోడలు రెండు దాటితే సిగ్నల్ సగానికి సగం చచ్చిపోతుంది. అప్పుడు ఖరీదైన రౌటర్ కొనే ముందు ఉన్నదాన్నే ఎత్తుగా, తలుపుకి ఎదురుగా పెట్టి చూడండి.

ఫైబర్ వైరును మూల దగ్గర తొంభై డిగ్రీలకి మడిచి మేకు కొడితే అక్కడే కాంతి కారిపోతుంది. బొటనవేలంత వంపు ఉండనివ్వకుండా కాస్త పెద్ద గుండ్రంగా తిప్పించండి. తర్వాత వైరులో కాంతి ఎంత వస్తోందో కొలిచే పవర్ మీటర్ కుర్రాడి చేతిలో ఉంటుంది, చూపించమనండి. మైనస్ 15 నుంచి మైనస్ 22 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 25 దాటి కిందికి పోతే ఎక్కడో జాయింటు బాగోలేదు, లేదా ఆకుపచ్చ కనెక్టరు కొసన దుమ్ముంది. అక్కడే తుడిపించి, మళ్లీ కొలిపించండి. మైనస్ 27 దగ్గర వదిలేసి వెళ్తే ఈరోజు పనిచేస్తుంది, మొదటి గాలివానకి పోతుంది. తర్వాత మోడెం మీద ‘ఎల్‌ఓఎస్’ అన్న ఎర్ర లైటు మెరుస్తుంటే, మోడెంకి గుచ్చిన ఫైబర్ వైరు వదులు కాలేదని చూసుకోవడం తప్ప మీ ఇంట్లో చెయ్యగలిగిందేమీ లేదు. అది బాగానే ఉంటే కంపెనీకి ఫోన్ చెయ్యడమే. ఆ లైటు లేకుండా ఇంటర్నెట్ రాకపోతేనే మోడెం ఆపి ఆన్ చెయ్యండి.

కరెంటు సంగతి ఎండాకాలంలో తెలుస్తుంది. పాత కోయాక్సియల్ కేబుల్‌కి వీధిలో సిగ్నల్ పెంచే ఆంప్లిఫయర్లుంటాయి. వాటికి కరెంటు పోతే మీ ఇంట్లో ఇన్వర్టరున్నా బొమ్మ రాదు. ఇళ్లకిచ్చే జీపాన్ రకం ఫైబర్‌లో, లైనును ఇళ్లకు విడదీసే వీధి స్ప్లిటర్‌కి కరెంటే అక్కర్లేదు. మీ మోడెంకి ఇంట్లో పవరుంటే చాలు. ఇన్వర్టరు లేని ఇంటికి 12 వోల్టుల మినీ యూపీఎస్ కొనుక్కోవచ్చు. 8,800 ఎంఏహెచ్ అని రాసుంటే అది 3.7 వోల్టుల లెక్క, అంటే 32 వాట్-అవర్లు. నష్టాలు పోను 10 వాట్ల మోడెం రెండున్నర గంటలు నడుస్తుంది. అయిదారు గంటలని అంగడివాడు చెబితే నమ్మొద్దు. కొనేటప్పుడు మోడెం అడాప్టరు మీద వోల్టులు, ఆంపియర్లు చదువుకుని అదే ఇచ్చేది తీసుకోండి. తొమ్మిది వోల్టుల సాకెట్లో గుచ్చితే మోడెం మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది, తప్పు కంపెనీ మీదకి పోతుంది.

సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కింది పోర్షన్లలో ఉండేవాళ్లకి ఒక మాట. 2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత చెప్పనక్కర్లేదు గానీ, మోడెం, యూపీఎస్, ప్లగ్ పాయింటు మూడూ ఛాతీ ఎత్తు మీద పెట్టించండి. నీళ్లలో ఫైబర్ వైరుకి ఏమీ కాదు, ఈ మూడే పోతాయి.

టీవీ పాతదైతే

స్మార్ట్ టీవీ కొని అయిదారేళ్లయితే యాప్‌లు తెరుచుకోవడానికే నిమిషం తీసుకుంటాయి. టీవీ మార్చక్కర్లేదు. హెచ్‌డీఎంఐలో గుచ్చే స్టిక్ చాలు. రెండు జాగ్రత్తలు. స్టిక్‌కి కరెంటు టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచి ఇవ్వొద్దు, చాలా టీవీల్లో అది అర ఆంపియరే ఇస్తుంది. ఎపిసోడు మధ్యలో స్టిక్ ఆగి మళ్లీ లోగో చూపిస్తుంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. డబ్బాతో వచ్చిన అడాప్టర్నే గోడకి పెట్టండి.

రెండోది, పేరు తెలియని చవక ఆండ్రాయిడ్ బాక్సులు. వాటి మీద 4కే అని రాసుంటుంది, బొమ్మ మాత్రం 480పీలో మసకగా వస్తుంది. వీడియో కాపీ కాకుండా కాపాడే వైడ్‌వైన్ ఎల్1 అన్న లైసెన్సు లేని పరికరానికి యాప్‌లు హెచ్‌డీ పంపవు. అది ఇంటర్నెట్ తప్పనుకుని ప్లాను పెంచుకున్నవాళ్లున్నారు. కొనే ముందు ‘వైడ్‌వైన్ ఎల్1 ఉందా’ అని అడగండి. అంగడతనికి ఆ మాట అర్థం కాకపోతే ఆ బాక్సు వద్దు. నెలకు వందకే అన్ని ఛానళ్లూ, అన్ని యాప్‌లూ అంటూ అమ్మే ఐపీటీవీ లింకుల జోలికి అసలు పోవద్దు. అది దొంగ సరుకు. సర్వర్ మూతపడిన రోజు అడగడానికి మనిషుండడు.

ఏ యాప్, ఎన్నాళ్లు

మార్వెల్ సరుకు మన దేశంలో డిస్నీ వాటాతో నడిచే జియోహాట్‌స్టార్ వైపు ఉంటుంది. కానీ సీరీస్‌లు ఇల్లు మారతాయి. నెట్‌ఫ్లిక్స్ కోసమే తీసిన డేర్‌డెవిల్ లాంటివి 2022లో అక్కణ్నుంచి తీసేసి డిస్నీ గూటికి చేర్చారు. కాబట్టి డబ్బు కట్టే ముందు యాప్‌లో పేరు కొట్టి, సీజన్లు ఏడూ ఉన్నాయో లేదో, మీరు కొనబోయే ప్లానులో అవి తెరుచుకుంటాయో లేదో చూడండి. జియోహాట్‌స్టార్ 2025 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు మూడు నెలలకు ఫోను ప్లాను 149, రెండు పరికరాల ప్లాను 299, నాలుగింటి ప్రీమియం 499 రూపాయలు. ధరలు మారుతుంటాయి, కట్టే రోజున మళ్లీ చూసుకోండి. కానీ ఆకారం అదే: ఫోను ప్లాను టీవీలో ఆడదు. రీఛార్జితో ఉచితంగా వచ్చిన చందా చాలామందికి ఫోనుదే. టీవీలో లాగిన్ అయి ‘అప్‌గ్రేడ్’ అని కనపడగానే మోసం జరిగిందంటారు. మోసం కాదు, ప్లాను పేరు చదవలేదంతే.

68 రాత్రుల షీల్డ్‌తో పాటు అదే లోకంలోని ఏజెంట్ కార్టర్ 18 ఎపిసోడ్లు, ఫాల్కన్ అండ్ ద వింటర్ సోల్జర్ 6, సీక్రెట్ ఇన్వేజన్ 6 కలుపుకుంటే రోజుకు రెండు చొప్పున మరో 15 రాత్రులు. మొత్తం 83. మూడు నెలల ప్యాకులో పండగలకి ఊరెళ్లే రోజులు పోయినా సరిపోతుంది. ఏడాది ప్యాకు క్రికెట్ చూసేవాళ్లకే గిట్టుబాటు.

తెలుగులో గూఢచారి కథ కావాలంటే ప్రైమ్ వీడియో వైపు వెళ్లాలి. ‘ద ఫ్యామిలీ మ్యాన్’, సమంత నటించిన ‘సిటడెల్: హనీ బన్నీ’ రెండింటికీ తెలుగు ఆడియో ఉంది. వీటిని తీసిన రాజ్, డీకే తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివినవాళ్లు. వాటిలో సూపర్ హీరోలు లేరు, ఆ లోటు కూడా తెలియదు. ప్రైమ్ నెలకు 299, ఏడాదికి 1,499. 2025 జూన్ నుంచి మధ్యలో ప్రకటనలు మొదలయ్యాయి, అవి వద్దంటే నెలకు మరో 129. ఇద్దరు ముగ్గురు కలిసి చూసే ఇంట్లో షీల్డ్ ఇంగ్లిష్‌లో కష్టమనిపిస్తే, ముందు ఒక నెల ప్రైమ్ తీసుకుని ఇవి చూసి, తర్వాత అది ఆపి జియోహాట్‌స్టార్‌కి మారండి. రెండూ ఒకేసారి నడపడం డబ్బుకి బొక్క. నెట్‌ఫ్లిక్స్ 199 ప్లానులో 720పీ, ఒక్క పరికరం. ఈ లోకపు సీరీస్‌ల కోసమైతే ఇప్పుడు దానితో పనిలేదు.

వరస తప్పకుండా

స్ట్రీమింగ్‌కి మారడం వల్ల అసలు లాభం ఇది. 2013 సెప్టెంబరు 24న అమెరికా ఏబీసీ ఛానల్లో మొదలైనప్పుడు వారానికొకటి చూసినవాళ్లలో చాలామంది మొదటి పది ఎపిసోడ్లకే విసిగి వదిలేశారు. కారణం ఉంది. సినిమాలో జరగబోయే పెద్ద మలుపును దాచి ఉంచాల్సి రావడంతో ఆ పదీ అక్కడక్కడే తిరుగుతాయి. మొదటి సీజన్ 16 ఎపిసోడ్లు చూసి ఆపండి. అప్పుడు కెప్టెన్ అమెరికా రెండో సినిమా ‘ద వింటర్ సోల్జర్’ చూసి, మర్నాడు 17వ ఎపిసోడు వెయ్యండి. సినిమా 2014 ఏప్రిల్ 4న, ఆ ఎపిసోడు ఏప్రిల్ 8న వచ్చాయి. అక్కణ్నుంచి సీరీస్ ముఖమే మారిపోతుంది. ఏం జరుగుతుందో ఇక్కడ చెప్పడం పాపం.

ఏజెంట్ కార్టర్ మొదటి సీజన్‌ను షీల్డ్ రెండో సీజన్ 10వ ఎపిసోడు తర్వాత, రెండో సీజన్‌ను షీల్డ్ మూడో సీజన్ 10 తర్వాత పెట్టుకుంటే అప్పట్లో ప్రసారమైన తీరుకి సరిపోతుంది. రెండో సీజన్ 19 చూశాక ‘ఏజ్ ఆఫ్ అల్ట్రాన్’, ఆ తర్వాత 20. మిగతా సినిమాల వరస కోసం తల బద్దలు కొట్టుకోవద్దు. నాలుగో సీజన్ నుంచి సినిమాలతో ముడి వదులవుతుంది, సీరీస్ తన కాళ్ల మీద నడుస్తుంది. మా లెక్కలో ఆ నాలుగోదే మొత్తంలో మేలైంది. దాన్ని మాత్రం రోజుకు రెండు అనే నియమం పక్కన పెట్టి చూసినా తప్పులేదు.

స్నేహితుల గ్రూపులో మాట్లాడుకునేటప్పుడు ముందు సీజన్, ఎపిసోడు నంబరు రాసి, నాలుగు లైన్లు వదిలి మాట మొదలుపెట్టండి. యాప్ కూడా తక్కువదేమీ కాదు, తర్వాతి సీజన్ పోస్టర్‌లోనే ఎవరు బతికున్నారో చూపించేస్తుంది. సీజన్ల పేజీ తెరవకుండా ‘తర్వాతి ఎపిసోడు’ మీదే నొక్కుతూ పోవడం మేలు.

ఏ ఇంటికి ఏది

బ్యాచిలర్ గదుల్లో, చదువుకునే కుర్రాళ్లకి కేబుల్ అక్కర్లేదు. 30 ఎంబీపీఎస్ ఫైబర్ నలుగురు పంచుకుని, యాప్ ఒకటి పెట్టుకుంటే తలా ఒక బిర్యానీ ఖర్చు కూడా కాదు.

ఇంట్లో అమ్మగారో అత్తగారో సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా సీరియళ్లు చూస్తుంటే ముందు ఒక వారం గమనించండి. ఆవిడ స్టార్ మా దాటకపోతే జియోహాట్‌స్టార్ ఒక్కటే ఇద్దరికీ సరిపోతుంది, కేబుల్ తీసేయొచ్చు. కానీ ఏడింటికి మా, ఏడున్నరకి జీ తెలుగు, ఎనిమిదికి జెమిని, తొమ్మిదికి ఈటీవీ వార్తలు అని తిరిగే మనిషైతే తీయొద్దు. జీ తెలుగుకి జీ5, జెమినికి సన్ నెక్స్ట్, ఈటీవీకి ఈటీవీ విన్ అంటూ నాలుగు యాప్‌లు, నాలుగు పాస్‌వర్డులు అవుతాయి. నాలుగు చందాలూ కలిపి కేబుల్ బిల్లుతో పోల్చి చూసుకోండి. పైగా ప్రతి సాయంత్రం ‘ఒరేయ్, ఇది రావట్లేదురా’ అన్న పిలుపు. అలాంటి ఇంట్లో బొకేలు తగ్గించిన కేబుల్ లేదా ఏపీ ఫైబర్‌నెట్ టీవీ, మీ సీరీస్‌కి మూడు నెలల యాప్. వార్తలొక్కటే చూసే నాన్నగారికైతే తెలుగు వార్తా ఛానళ్లు చాలావరకు యూట్యూబ్‌లో లైవ్ ఉచితంగానే వస్తాయి.

కేబుల్ ఆపే రోజు

ఫైబర్ వచ్చిన రోజే సెట్‌టాప్ బాక్సు తిరిగిచ్చేయొద్దు. ఒక నెల రెండూ నడవనివ్వండి. ఆ నెలలో ఎవరూ కేబుల్ పెట్టకపోతే, రద్దు చెయ్యకుండా ముందు తాత్కాలికంగా ఆపించండి. ట్రాయ్ నిబంధనల ప్రకారం 15 రోజుల ముందు చెబితే నెల చొప్పున ఆపించుకోవచ్చు. మూడు నెలల లోపు మళ్లీ మొదలుపెట్టడానికి 25 రూపాయలు మించి తీసుకోకూడదన్న పరిమితి ఉండేది, 2024లో అదీ ఎత్తేశారు, కాబట్టి ఎంత తీసుకుంటాడో ముందే అడగండి. ఐపీఎల్‌కి మళ్లీ కావాలన్నా దారి ఉంటుంది. నోటిమాటతో సరిపెట్టకుండా కేబులాయనకి వాట్సాప్‌లో తేదీ వేసి పంపండి. లేకపోతే మూడు నెలల తర్వాత పాత బాకీ అంటూ తలుపు కొడతాడు. పూర్తిగా తీసేసేటప్పుడు బాక్సు, రిమోటు, అడాప్టరు ఇచ్చి, డిపాజిట్ కట్టి ఉంటే రసీదు చూపించి వెనక్కి అడగండి.

యాప్ ఆపడానికి దాన్ని ఫోనులోంచి డిలీట్ చేస్తే సరిపోదు, చందా తెగదు. చందా కట్టిన రోజే ఫోన్‌పే గానీ గూగుల్ పే గానీ తెరిచి, ఆటోపే విభాగంలో ఆ మాండేట్ (డబ్బు దానంతటదే కట్ అయ్యే అనుమతి) రద్దు చేసుకోండి. కట్టిన మూడు నెలలూ యాప్ మామూలుగానే నడుస్తుంది. 83వ రాత్రి చూడాల్సిన ఎపిసోడ్లు ఇంకా మిగిలితే ఒక నెలకే మళ్లీ కట్టుకోవచ్చు.